ఐదో మాట దాకా

పన్నెండింటికి మొదలై మూడింటిదాకా సాగుతుందని సారంగపాణి ముందే చెప్పి తీసుకొచ్చాడు గనక ఇప్పుడు గోల పెట్టడానికి లేదు. అయినా ఏప్రిల్ ఎండలో, రేకుల కప్పు కింద, మిట్టమధ్యాహ్నం మూడు గంటలు కూర్చోబెట్టే దేవుడు ఎక్కడైనా ఉంటాడా అని కట్టమ్మ ఆడవాళ్ళ వైపు చాపమీద కాళ్ళు మడుచుకుని లోలోపల సణుక్కుంటోంది. పోచమ్మ నయం, పొద్దున్నే పోతే పది నిమిషాల్లో పంపించేస్తుంది. నెత్తిన కొంగు కప్పుకోమన్నారు, కప్పుకుంది. చెప్పులు బయట విడవమన్నారు, విడిచింది, కొత్త చెప్పులు, వెళ్ళేదాకా ఉంటాయో ఉండవో. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలంతా మగవాళ్ళ వైపే పోతోంది. అటు రెండో వరసలో ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో ఆమె మొగుడు కూర్చున్నాడు. చేతిలో మడిచిన కాగితం, దాన్ని విప్పి చూసుకోవడం, మళ్ళీ మడవడం, పదో తరగతి పరీక్షకు పోయేవాడి కంగారు. సిలువ మీద యేసు ఆఖరి ఘడియల్లో ఏడు మాటలు అన్నాడట. గుడ్‌ఫ్రైడే నాడు ఒక్కో మాట గురించి ఒక్కొక్కరు లేచి మాట్లాడతారట. ఐదోది ఈయనగారికి ఇచ్చారు. మట్టెవాడలో ఇరవై ఏళ్ళుగా స్టీలు బిందెలు, గిన్నెలు అమ్ముకుంటున్న మనిషి, గిరాకీతో తప్ప గట్టిగా మాట్లాడి ఎరగనివాడు, మైకు ముందు నిలబడి దేవుడి మాటకు అర్థం చెబుతాడట. చెప్పనీ. ఆమె వచ్చింది అర్థం కోసం కాదు. తన పేరు ఆ మైకులో వినబడుతుందా లేదా చూడ్డానికి వచ్చింది. వినబడితే సరే. వినబడకపోతే ఆదివారం పొద్దున్నే పెరట్లో కట్టేసి ఉన్న పొట్టేలు ఆటో ఎక్కుతుంది, పరకాల దగ్గరి తన పుట్టినూళ్ళో పోచమ్మ ముందు మొక్కు తీరుతుంది. ఆయన తిన్నా సరే, తినకపోయినా సరే, నెల రోజులు మాట్లాడకపోయినా సరే.

ఈ పంతం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆయనకు అసలే చెప్పలేదు. చెప్పి పలికించుకుంటే అది పేరెట్లా అవుతుంది, అడుక్కున్నట్టవుతుంది. ఏడాదిన్నర కింద ఆపరేషన్ ముందు మొక్కిన మొక్కు అది, ఆయన లేచి తిరిగితే పోచమ్మకు యాటను, మంచి పొట్టేలును ఇస్తానని. జనంలోకి పోవద్దన్నారు డాక్టర్లు, ఆగింది. తర్వాత ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు, మళ్ళీ ఆగింది. నిన్న ఆమె తమ్ముడు పొట్టేలును తెచ్చి పెరట్లో కట్టిపోయాడు. దాన్ని చూసి సారంగపాణి ముఖం మాడ్చుకోలేదు, అరవలేదు, అదే ఆమెకు ఇంకా మండింది, మెల్లగా దగ్గరికొచ్చి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఇంక రక్తం అక్కర లేదే. ఒక్కసారే అయిపోయింది. ఆయన నా కోసం పానం ఇచ్చిండు. రేపు ఒక్కనాడు నాతోని రా, నేను మాట్లాడేది విను. ఆ తర్వాత నీ ఇష్టం." ఆయన నా కోసం పానం ఇచ్చిండు అంటున్నప్పుడు సారంగపాణి చెయ్యి తనకు తెలియకుండానే కడుపు కింద కుడివైపుకు పోయింది. అక్కడ ఉన్నది ఎవరిది? అక్కడ గుప్పెడంత మాంసం కదులుతూ, వడపోస్తూ, ఈ మనిషిని నిలబెడుతున్నది ఎవరిది? కట్టమ్మది. యేసుది కాదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

పరాయి ఆడది అయితే కొప్పు పట్టుకోవచ్చు, నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యొచ్చు, లేదంటే పుట్టింటికి పోయి కూర్చోవచ్చు. దేవుడితో ఏం పోట్లాడతావు? ఎవరితో చెప్పుకుంటావు? మా ఆయన మందు తాగడు, పేకాడడు, యేసును ప్రేమిస్తున్నాడు అని చెబితే నవ్వుతారు. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఒకటే కథ. చావు అంచుదాకా పోయాను, ప్రభువు నాకు కొత్త జీవితం ఇచ్చాడు, ఆయన గాయాల వల్ల నాకు నయమైంది. ఆమె వంటింట్లో చాయ్ వడపోస్తూ వింటుంది. గాయాలట. ఆమె ఎడమ పక్కటెముకల కింద జానెడు కుట్ల గాటు ఉంది, వానాకాలం వస్తే లాగుతుంది, బిందె ఎత్తితే లాగుతుంది. ఆ గాయం వల్ల నయమైంది అని ఒక్కనాడు అనడు. అనడని కాదు, "మా ఇంటామె ఇచ్చింది" అంటాడు, అదీ ఎవరైనా అడిగితే, దుకాణం ఎవరిచ్చారంటే మా నాయన ఇచ్చాడు అన్నంత తేలిగ్గా. ఇంటామెకు పేరు లేదా? ఉంది. చెరువు కట్టమీది మైసమ్మకు మొక్కితే పుట్టిందని కట్టమ్మ అని పెట్టారు. ఆ పేరే ఇప్పుడు ఆయనకు గొంతులో ముల్లయిందని ఆమె అనుమానం. గుళ్ళో కూర్చోవాల్సిన దేవత పేరు చర్చిలో ఎట్లా పలుకుతాడు?

"ప్రియులారా," అన్నాడు సుదర్శన్ పాస్టరు. నర్సంపేట మనిషి, సన్నగా, గొంతు మాత్రం ఇద్దరిది. మొదటి మాటకు ముందు ఆయన పాత సంగతులు మొదలుపెట్టాడు. ఇశ్రాయేలీయులని వెనకటి జనం, వాళ్ళు బలులిచ్చేవాళ్ళట. కట్టమ్మ అప్పటిదాకా ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నది, బలి అనేసరికి చెవులు రిక్కించింది. ఏ మచ్చా లేని మగ గొర్రెపిల్లను తేవాలట, కుంటిది పనికిరాదు, గుడ్డిది పనికిరాదు, చెవి తెగింది పనికిరాదు. ఇందులో కొత్తేముంది, మా నాయనకు తెలియదా? పరకాల సంతలో నాయన పొట్టేలు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు, కొమ్ములు తట్టేవాడు, తోక ఎత్తేవాడు, వేళ్ళు పక్కటెముకల్లోకి పోనిచ్చి గొణిగేవాడు, పోచమ్మకు ఇచ్చేది మనం తినేదాని కంటే తక్కువ ఉండొద్దు బిడ్డా అని. ఊళ్ళో యాటను పట్టే పని నాయనదే. కిడ్నీ ఇస్తానన్న ఏడాది కట్టమ్మను కూడా అట్లాగే చూశారు. ఆమె పళ్ళు చూశారు, రక్తం తీశారు, మూత్రం తీశారు, గుండె చూశారు, మిషన్‌లోకి తోసి తీశారు, మళ్ళీ తీశారు, ఎందుకిస్తున్నావమ్మా, ఎవరైనా బలవంతం చేశారా అని టేబుల్ వెనక ముగ్గురు కూర్చుని అడిగారు. సారంగపాణి వాళ్ళ అన్న రక్తం కూడా కలిసింది, ఆ అన్న భార్య ఇవ్వనివ్వలేదు. చివరికి డాక్టరు కాగితాలన్నీ దగ్గర పెట్టుకుని, "ఒక్క మచ్చ లేదమ్మా, బంగారం" అన్నాడు. ఆ రోజు ఆమెకు పెళ్ళినాటి కంటే ఎక్కువ గర్వమనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే నాయన వేళ్ళు పక్కటెముకల్లో తగిలినట్టుంది.

ఆ జనం ఐగుప్తులో బానిసలుగా ఉన్నప్పుడు ఒక రాత్రి గొర్రెపిల్ల రక్తాన్ని గుమ్మాలకు పూశారట, రక్తమున్న ఇంటిని చావు ముట్టకుండా దాటిపోయిందట. ఇదీ తెలిసిందే, మా తమ్ముడు కొత్త ట్రాక్టరు చక్రానికి పూయలేదా. తర్వాత ఏడాదికి ఒకనాడు పాపాలు పోగొట్టుకునే పండగ, రెండు మేకపోతుల్ని తెచ్చేవాళ్ళట. ఒకదాన్ని దేవుడికి కోసేవాళ్ళు. రెండోదాని తలమీద పూజారి రెండు చేతులూ పెట్టి ఊరందరి తప్పులూ ఒప్పుకునేవాడు, అవన్నీ దాని నెత్తికెక్కించి ఎడారిలోకి తోలేసేవాళ్ళు. కట్టమ్మకు ఆ రెండోది కళ్ళకు కట్టింది. కోసినదానికైనా పేరుంటుంది. తోలేసినదాన్ని ఎవరు తలుచుకుంటారు, ఎక్కడ నీళ్ళు తాగిందో ఎవరు చూశారు? అయినా ఇంతసేపు చెబుతున్నాడు, ఒక్క సంగతి చెప్పడేం, యాటను అడిగారా? మా ఊళ్ళో అడుగుతాం. నెత్తిమీద, వీపుమీద పసుపునీళ్ళు చల్లి, వేపాకు వేసి, అందరం చేతులు కట్టుకుని నిలబడతాం. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు, అమ్మ తీసుకున్నట్టు, అప్పుడే కత్తి. విదిలించకపోతే కొయ్యరాదు, గంటైనా నిలబడాల్సిందే. తొందరగాళ్ళు చెవిలో నీళ్ళు పోస్తారు, చెవిలో పోస్తే ఏ జీవమైనా విదిలిస్తుంది. నాయన అట్లా ఒక్కనాడూ చేయనివ్వలేదు, అది అడిగినట్టు కాదు, మోసం చేసినట్టు అనేవాడు.

ఈ పొద్దున సారంగపాణి స్నానానికి పోయినప్పుడు ఆమె పెరట్లోకి పోయి చెంబుతో పొట్టేలు మీద నీళ్ళు పోసింది. ఊరికే, ఆదివారానికి ముందు దాని మనసు చూద్దామని. అది కదల్లేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఇంకో చెంబు పోసింది. నీళ్ళు ఉన్ని మీదినుంచి కారి కాళ్ళకింద మడుగు కట్టాయి, అది ఆ మడుగులో మూతి పెట్టి తాగడం మొదలుపెట్టింది. మూడోసారి పోస్తుంటే తలెత్తి ఆమెను చూసింది, అంతే. ఆమె చెయ్యి దాని చెవిదాకా పోయింది, నాయన యాదికొచ్చి ఆగింది. పోచమ్మకు కూడా కోపమొచ్చిందా? మొగుణ్ణి ఆ చర్చికి వదిలేసి ఇప్పుడు నా దగ్గరికి వస్తావా అంటున్నదా? దేవతలకైనా కడుపుమంట ఉండదా, వాళ్ళు మాత్రం ఆడవాళ్ళు కారా.

"అక్కా, జర నీళ్లు తాగు." పక్కనుంచి సీసా ముందుకొచ్చింది. ప్రేమలత. మిగతా అందరూ ఉపవాసం ఉన్నారు, ఆమె కూడా, అయినా కట్టమ్మ కోసం సీసా తెచ్చింది. "నువ్వు ఉపాసం ఉండొద్దక్కా, ఒక్క కిడ్నీతోని ఉన్నోళ్లు నీళ్లు మానొద్దు." కట్టమ్మ చెయ్యి చాపింది. అటు రెండో వరసలో సారంగపాణి మెడ తిప్పి ఇటు చూశాడు, ఆమె చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమె ఆలోచించలేదు, అలవాటు. "తర్వాత" అంది ముభావంగా. ప్రేమలత ఏమీ అనుకోలేదు. ఏమీ అనుకోదు, అదే దాంతో వచ్చిన చిక్కు. డయాలసిస్ సెంటర్లో సిస్టరు, తెల్లగా ఉతికిన మనిషి, మొగుడు, ఇద్దరు పిల్లలు, ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. వేలెత్తి చూపడానికి ఏదైనా ఉంటే కట్టమ్మకు ఎంత హాయిగా ఉండేది! రెండేళ్ళు, వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు ఆయన ఆ మిషన్ పక్కన పడుకునేవాడు. లోపలికి ఎవరినీ రానిచ్చేవాళ్ళు కాదు. కట్టమ్మ బయట బల్లమీద, లోపల ప్రేమలత. సూది గుచ్చేది ఆమె, బీపీ చూసేది ఆమె, రక్తం బయటికొచ్చి గొట్టాల్లో తిరిగి మళ్ళీ లోపలికి పోతుంటే భయపడకుండా మాట్లాడింది ఆమె. ఏం మాట్లాడిందో తర్వాత తెలిసింది, ఒకరి రక్తం అందరికీ అని. అద్దంలోంచి చూస్తే ఆయన నవ్వుతుండేవాడు. ఇంటికొచ్చాక కట్టమ్మ ముందు అట్లా నవ్వలేదు, ఒంట్లో శక్తి లేదనేవాడు, శక్తంతా అక్కడ నవ్వడానికి అయిపోయేదేమో. ఇప్పుడు ఆమెను చెల్లె అంటాడు, ఆమె అన్న అంటుంది. కట్టమ్మ నమ్ముతుంది. నమ్మడం వేరు, మండడం వేరు.

హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ నాటి పొద్దున కూడా ప్రేమలత సెలవు పెట్టి వచ్చింది. ఇచ్చేవాళ్ళను ముందు తీసుకుపోతారు. కట్టమ్మను చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే ఆయన గది ముందునుంచే దారి, తలుపు తెరిచి ఉంది. ప్రేమలత ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది, ఆయన కూడా కళ్ళు మూసుకున్నాడు. ఒక్కసారి తెరిచి ఉంటే కట్టమ్మ కనబడేది. చక్రాలు కిర్రుమంటూనే ఉన్నాయి, తెరవలేదు. ఆయనకు ఇద్దరు తోడు, ఒకరు నేలమీద, ఒకరు ఆకాశంలో. ఆమె మంచం తోసేవాడు ఫోన్‌లో ఎవరితోనో బిర్యానీ సంగతి మాట్లాడుతున్నాడు. లోపల పచ్చగుడ్డ, పెద్ద లైట్లు, ఎవరో తడి దూదితో ఆమె పక్కలు తుడిచారు, మందు వాసన, మంచులాంటి చల్లదనం. ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది, పళ్ళు టకటకమన్నాయి. "చలి పెడ్తాందా అమ్మా? భయమైతే ఇప్పుడైనా వద్దనొచ్చు" అంది మాస్కు వెనకనుంచి ఒక నర్సు. "చలే, భయం కాదు, కానియ్యండి" అంది కట్టమ్మ.

తడిపారు. జలదరించింది. కానియ్యండి అంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఆమెకు తట్టలేదు, ఇప్పుడు ఈ రేకుల కింద తట్టి కట్టమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. మైకులో పాస్టరు ఆ మాటకే వస్తున్నాడు. "ఆ యాటలకు ఏం తెలుసు? తాళ్లు కట్టి తెచ్చిండ్రు, కోసిండ్రు. ఈయన తెలిసి వచ్చిండు. ముందు రాత్రి తోటల, నేలమీద పడి, చెమట బొట్లు బొట్లుగ కారుతాంటె, వణికిండు. ఈ గిన్నె నా ముంగటి నుంచి తీసెయ్యి తండ్రీ అన్నడు. ఆ వెంటనే, నా ఇష్టం కాదు, నీ ఇష్టం కానీ అన్నడు." చుట్టూ ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. కట్టమ్మ ఒత్తుకోలేదు, నివ్వెరపోయి చూసింది. ఒళ్ళు తడిసింది, వణికాడు, ఒప్పుకున్నాడు. వీళ్ళెవరికీ అర్థం కాలేదుగానీ నాయన ఇక్కడ ఉంటే తలూపి, సరే, ఒప్పుకుంది, ఇంక కానియ్యండి అనేవాడు. అంటే ఈయన్ని అడిగే కోశారన్నమాట. ఆమెకు ఆ క్షణంలో ఆయన పరాయివాడు అనిపించలేదు. వెంటనే ఇంకా ఎక్కువ మండింది. అన్నీ నాకు జరిగినవే, నాకంటే ముందే ఆయనకు జరిగాయి, నా కిడ్నీకి కూడా ఆయనే పెద్దన్న.

పాస్టరు ఊరుకుంటేనా. ఆ పాత బలులన్నీ నీడలట, వెనకనుంచి వస్తున్న నిజం మనిషి నీడ ముందు పడినట్టు. ఈ ఎండలో నీడను తీసిపారేసేవాణ్ణి ఈయన్నే చూశాను అనుకుంది. పశువుల రక్తానికి మనసులోని మరక పోదట, పోయేదైతే ఏడాదికేడాదికీ మళ్ళీ మళ్ళీ ఎందుకిస్తారు? పూజారులు రోజూ నిలబడి అదే పని చేసి చేసి కూర్చోవడానికి సందు లేకపోయేదట. ఈయన ఒక్కసారి తన రక్తమే తీసుకుని లోపలికి పోయి, పని ముగించి, కూర్చున్నాడట. పూజారీ ఆయనే, పొట్టేలూ ఆయనే. ఇంక మిగతావాళ్ళకు ఏం మిగిల్చాడు? మా పోచమ్మ దగ్గర డప్పు కొట్టేవాళ్ళకు ఒక పని, కుండ తెచ్చేవాళ్ళకు ఒక పని, దివిటీ పట్టేవాళ్ళకు ఒక పని, యాటను పట్టినందుకు మా నాయనకు తలకాయ. ఇక్కడ అన్నీ ఒక్కడే చేసేసి, అందరూ కూర్చుని ఏడవండి అంటే ఎట్లా? పైగా ఒక్కసారితో అయిపోవడం. ఆమె ఇచ్చింది ఒక్కసారితో అయిపోలేదు. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి ఆయన గోలీలు మింగాలి, బతికినన్నాళ్ళూ. ఎందుకంటే ఆయన ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదనుకుని బయటికి తోసెయ్యాలని చూస్తుందట, గోలీలతో దాన్ని ఊరడించాలట. ఇరవై రెండేళ్ళ కాపురం, ఇంకా ఆమె ముక్కను ఒళ్ళు ఒప్పుకోలేదు. యేసును మాత్రం ఒక్కరోజులో ఒప్పుకుంది, ఏ గోలీ లేకుండా.

మొదటి మాట ఒక బడిపంతులు చెప్పాడు, శత్రువుల్ని క్షమించమని. రెండోది ఒక బ్యాంకాయన, పక్క సిలువమీది దొంగ గురించి. మూడోదానికి ప్రేమలత లేచింది, తన తల్లిని శిష్యుడికి అప్పజెప్పిన మాట. బాగా చెప్పింది, చెప్పదా మరి, అప్పగింతలు దానికి అలవాటే, నా మొగుణ్ణి తీసుకుపోయి ఆయనకు అప్పగించలేదా. నాలుగోది ఒక ముసలాయన, దేవుడు తన చెయ్యి వదిలేశాడని యేసు కేకపెట్టిన మాట. ముసలాయన సగంలో ఏడ్చేసి కూర్చున్నాడు. కట్టమ్మ నాలుక అంగిలికి అంటుకుపోయింది. సారంగపాణి లేచాడు. లేస్తూ చొక్కా కిందికి లాక్కున్నాడు, కడుపుమీద చెయ్యి పెట్టుకున్నాడు, మైకు ఎత్తు సరిచెయ్యబోయి వంచేశాడు, అది కుయ్యిమంది. చెప్పడు. నాకు తెలుసు, చెప్పడు. ప్రభువు, రక్తం, కొత్త జీవితం, ఆమేన్, కూర్చుంటాడు. తమ్ముడికి సాయంత్రమే ఫోన్ చెయ్యాలి, ఆదివారం ఆరింటికల్లా ఆటో తెమ్మని. పొట్టేలు ఒప్పుకోకపోతే ఒప్పుకునేదాకా నిలబడతాను, నాకేం తొందర.

"నాకు మాట్లాడరాదు," అన్నాడు సారంగపాణి. "కాగితం రాసుకచ్చిన, గది చదువుత అనుకున్న." కాగితాన్ని చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను దప్పిగొనుచున్నాను, అంటె దూపైతాంది అన్నడు ప్రభువు. దూప సంగతి నాకెర్క. డయాలసిస్ మీద ఉన్నోనికి దినానికి అర లీటరు నీళ్లు. గోలీలకు గదే, పులుసుకు గదే. దుకాణంల చుట్టు బిందెలు, నడుమ నేను, గొంతుల చుక్క లేదు." మగవాళ్ళ వైపు ఎవరో నవ్వి ఆపుకున్నారు. "మా కట్టమ్మ నాకు కిడ్నీ ఇచ్చింది." ఆ పేరుకు ముందు వరసలో ఒకరిద్దరు తలెత్తి పాస్టరు వైపు చూశారు. సారంగపాణి మళ్ళీ అన్నాడు, ఈసారి ఇంకా గట్టిగా, గిరాకీకి ధర చెప్పే గొంతుతో. "కట్టమ్మ. నా భార్య. కిడ్నీ సంగతి అందరికెర్క, డాక్టర్లు కాగితం మీద రాసిండ్రు. కాగితం మీద లేనిది ఒకటున్నది, అది చెప్త. ఆ రెండేండ్లు మా ఇంట్ల నీళ్ల బిందె నా కండ్లకు కనపడలే. యాడ దాచిందో. నా ముంగట ఒక్కనాడు గిలాస ఎత్తలే. అడిగితే నాకు దూప కాదు అనేది, నేను నమ్మిన. ఒకసారి మే నెలల, పగటిపూట, కన్నంటుకొని లేచి కిటికీలకెళ్లి చూసిన. పక్కింటి సమ్మమ్మోళ్ల గోడ కాడ ఈమె నిలబడి చెంబెత్తి తాగుతాంది. ఒక చెంబు, ఇంకో చెంబు. తాగి కొంగుతోని మూతి తుడుచుకున్నది. తడి ఏమన్న మిగిలిందేమోనని పెదవులు మళ్ల తుడుచుకున్నది. అప్పుడు ఇంట్లకొచ్చి, లేచినవా, దుకాణం తాళాలు ఏడున్నయి అని అడిగింది." ఆయన కడుపుమీద చెయ్యి అక్కడే ఉంది. "నేను చూసిన అని ఇయ్యాల్టిదాక చెప్పలే. చెప్తే ఆ నీళ్లు గూడ తాగదని. సిలువ మీద ఆయన నా కోసం దూప పట్టిండని పాస్టరుగారు శానసార్లు చెప్పిండు. ఒకలు దూప పడితే ఇంకొకనికి ఏమొస్తది అనుకునేది నేను. గోడ కాడ కట్టమ్మను యాది చేసుకుంటే గప్పుడు సమజైంది. గంతే నాకెర్క."

ఎవరూ ఆమేన్ అనలేదు. తర్వాత వెనక ఎక్కడో ఒక ముసలిది సన్నగా ఆమేన్ అంది. కట్టమ్మ తల వంచుకుని తన మోకాళ్ళు చూసుకుంటోంది. కిడ్నీ కోసం చెవులు కోసుకుని కూర్చున్న మనిషికి నీళ్ళు వచ్చి తగిలాయి. అది ఇవ్వడం అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు, మొక్కుకోలేదు, ఎవరికీ చెప్పలేదు, తాను మరిచిపోయింది కూడా. సమ్మమ్మ ఇంటి గోడ, పెచ్చులూడిన సున్నం, రాగి చెంబు అంచు పళ్ళకు తగిలిన చప్పుడు. చూశాడా. మూడేళ్ళుగా దాచుకున్నాడా. నేను దాస్తున్నాననుకుంటే ఆయన దాచాడా. పాపం ఆ సిలువమీదాయనకు దాహమన్నప్పుడు పులిసిన ద్రాక్షనీళ్ళు ఇచ్చారని ఇందాక ఎవరో అన్నారు, పక్కన ఒక్క సమ్మమ్మ అయినా లేకపోయింది. ఇంక పొట్టేలు ఆటో ఎక్కదు, ఆ సంగతి పోచమ్మకు తానే చెప్పుకుంటుంది, ఆడది ఆడదానికి చెప్పుకుంటే వింటుంది. ఉన్నట్టుండి ఆమె నడినెత్తి నుంచి అరికాళ్ళదాకా ఒళ్ళంతా జలదరించింది, గాజులు గలగలమన్నాయి, చాపమీద పక్కవాళ్ళు తిరిగి చూశారు.

"ఏమైందక్కా, ఇంత ఎండల చలి పెడ్తాందా?" ప్రేమలత ఆమె భుజమ్మీద చెయ్యి వేసింది.

"చలి కాదు. దూపైతాంది. ఆ సీస ఇటియ్యి."

సారంగపాణి ఇంకా మైకు దగ్గరే ఉన్నాడు, దిగిపోవాలని కూడా గుర్తులేనట్టు ఆమె వైపే చూస్తున్నాడు. కట్టమ్మ నెత్తిమీది కొంగు జారిపోతున్నా పట్టుకోలేదు. సీసా మూత తీసి, తల వెనక్కి వంచి, అందరి ముందూ, ఆయన ముందు, గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీదినుంచి మెడమీదికి, రవికె మీదికి కారాయి. సగం సీసా అయ్యాక దించి, ఊపిరి తీసుకుని, ఆయన కళ్ళలోకి చూస్తూ మిగతా సగం కూడా తాగింది. మూతి తుడుచుకోలేదు.